విడాకుల కేసుకి మేం తిరిగిన తిరుపతి లాయరాఫీసు: 4 స్టార్లు, ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తా

లాయర్ పేరు రాయట్లేదు, ముందే చెప్పేస్తున్నా. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది, నేను రివ్యూ రాస్తానంటే మేడమే "ఏమన్నా రాసుకోమ్మా, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. తిరుపతిలోనే, కోర్టు నుంచి నడిచిపోయేంత దూరం, కింద మందుల షాపు, పైన రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ ఆ మెట్లు ఓ పాతిక సార్లు ఎక్కి ఉంటుంది. విడాకులు, భరణం, పిల్లల కేసులే ఎక్కువ చూస్తారక్కడ. నేను 2023 ఫిబ్రవరిలో వెళ్ళాను, 2024 నవంబరులో విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు పత్రం) వచ్చింది.

ఆమె నాకు రెండో లాయర్. మొదటాయన మా పెద్దనాయనకి తెలిసినాయన. వెళ్ళిన రోజే "ఆర్నెల్లలో తేల్చేస్తా, అందర్నీ లోపల వేయిస్తా, ఆస్తిలో సగం రాయించుకుందాం" అన్నాడు. మేం వినాలనుకున్నవి ఆ మూడు మాటలే కాబట్టి ఇంటిల్లిపాదీ పడిపోయి 30 వేలు చేతిలో పెట్టాం. ఏడాది తర్వాత ఎవరో చెప్తే ఈ-కోర్ట్స్ యాప్‌లో నా పేరు కొట్టి చూశా, అసలు కేసే లేదు. పిటిషన్‌లో ఏవో లోపాలున్నాయని కోర్టు ఆఫీసు వెనక్కిచ్చిందంట, ఆయన వాటిని సరిచేసి మళ్ళీ వెయ్యనే లేదు. మేం మాత్రం "వాయిదా పడిందమ్మా" అని ఫోన్లో చెప్పిందల్లా నమ్ముతా ఉన్నాం. పిటిషన్‌ని కోర్టు తీసుకుని కేసుకి నంబర్ వేస్తే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ వస్తుంది, దాన్ని యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో మనకే కనిపిస్తుంది. మీ లాయర్ ఎంత దగ్గరి బంధువైనా సరే, ఆ నంబర్ అడిగి రాసుకోండి. మేడం దగ్గర అడగాల్సిన పని పడలేదు, నంబరైన రోజు సాయంత్రమే గుమాస్తా అన్న వాట్సాప్‌లో పంపించాడు.

మేడం దగ్గర మొదటి మాటలకి 500 తీసుకున్నారు. గంటన్నర కూర్చోబెట్టారు, అందులో అరగంట నేను ఏడ్చిందే. ఆమె ఓదార్చలేదు, మంచినీళ్ళ బాటిల్ ముందుకు జరిపి, పేపర్ మీద అడ్డంగా ఒక గీత గీసి "ఇప్పుడు తేదీలు చెప్పు" అన్నారు. పెళ్ళెప్పుడు, పాప ఎప్పుడు పుట్టింది, చెన్నైలో ఏ ఇంట్లో ఎన్నాళ్ళున్నారు, ఆఖరుగా ఒకే ఇంట్లో పడుకున్న రాత్రి ఏది. అది తెలియాలంట, విడిగా ఉంటున్న కాలం అక్కడి నుంచే లెక్క. నాకు గుర్తులేదు. 2021 జూన్ అని తెలుసు, తేదీ తెలీదు. ఫోన్లో వెతికితే మా తమ్ముడు నన్నూ పాపనీ తీసుకొచ్చిన రోజు టోల్‌గేట్ మెసేజ్ దొరికింది. ఆ స్క్రీన్‌షాటే తర్వాత ఫైల్లో కాగితమైంది.

మా పెళ్ళి 2014లో తిరుమల కొండమీద, ఒక మఠంలో. మా ఆయన ఉద్యోగం చెన్నై, సొంతూరు నెల్లూరు వైపు, నేనుండేది ఎం.ఆర్.పల్లిలో అమ్మావాళ్ళింట్లో. కేసు చెన్నైలో వెయ్యాలేమో, ప్రతి వాయిదాకీ పాపని వదిలి రైలెక్కాలేమో అని నాకదే టెన్షన్. హిందూ వివాహ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం పెళ్ళి ఎక్కడ జరిగిందో అక్కడ వెయ్యొచ్చు, ఇద్దరూ ఆఖరుగా కలిసున్న చోట వెయ్యొచ్చు, అవతలివాళ్ళుండే చోట వెయ్యొచ్చు, భార్యే వేసేటట్టయితే తాను ఉంటున్న ఊళ్ళో కూడా వెయ్యొచ్చు, ఈ చివరిది 2003లో కలిపారు. అంటే నాకు రెండు రకాలుగా తిరుపతే కుదిరింది. కొండమీద పెళ్ళి చేసుకుని దేశం నలుమూలలా కాపురం పెట్టినవాళ్ళ కేసులు మన ఊరికి ఎందుకొస్తాయో నాకప్పుడు అర్థమైంది. మఠం రసీదు, శుభలేఖ, ఫోటోలు తెమ్మన్నారు, మేం పెళ్ళి రిజిస్టర్ చేయించుకోలేదు కాబట్టి.

రెండోసారి వెళ్ళినప్పుడు గొడవైంది, మేడంకీ మా నాయనకీ. నాయన 498ఏ (భార్యని హింసించిన మొగుడు, అత్తింటివాళ్ళ మీద పెట్టే క్రిమినల్ కేసు) పెట్టమంటాడు, అదీ అత్తగారు, మామగారు, ఆడబిడ్డ, ఆడబిడ్డ మొగుడు, అందరి మీదా. (ఇప్పుడది కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, అందరూ ఇంకా 498 అనే అంటున్నారు.) మేడం నా వైపు తిరిగి "ఆడబిడ్డ నిన్ను ఏం చేసిందమ్మా?" అన్నారు. ఏడాదికి రెండుసార్లు పండక్కి వచ్చేది, నా వంట బాగాలేదనేది, అంతే. "అయితే ఆమె పేరు రాయం. నిన్ను కొట్టుంటే ఈరోజే స్టేషన్‌కి నేనొస్తా. జరిగింది అక్షరం వదలకుండా రాద్దాం, జరగంది అక్షరం కూడా రాయం. క్రాస్‌లో, అంటే అవతలి లాయర్ ప్రశ్నలకి, నిలబడేది నువ్వు, మీ నాయన కాదు." నాయన లేచి కిందికి వెళ్ళిపోయి మందుల షాపు దగ్గర నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆరోజు నాకూ కోపమొచ్చింది, లాయర్ అంటే మన పక్షాన అరవాలి కదా అనుకున్నా. తర్వాత పాప కోసం మాట్లాడుకోవాల్సొచ్చినప్పుడు, ఆ ఆడబిడ్డే వాళ్ళన్నకి నచ్చజెప్పింది. ఆమె మీద కేసుంటే చెప్పేదా?

ఈ ఆఫీసుకి నేను స్టార్లిచ్చింది ముఖ్యంగా డబ్బు లెక్కల దగ్గర. భరణం అడిగేటప్పుడు భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ చూపిస్తూ అఫిడవిట్ (ప్రమాణపత్రం) వెయ్యాలి, 2020లో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఇది పెట్టింది. మొదటాయన నాతో "ఆదాయం: ఏమీ లేదు" అని రాయించాడు, అందరూ అట్లే రాస్తారమ్మా అని. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, 14 వేలు వస్తుంది, బ్యాంకులోనే పడుతుంది. మేడం ఆ డ్రాఫ్ట్ చూసి పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ప్రమాణం చేసి అబద్ధం రాస్తే అవతలి లాయర్ ఒక్క పాస్‌బుక్ కాపీ తెప్పిస్తే చాలు, అబద్ధం అఫిడవిట్ వేసినందుకు నా మీదే కేసు నడపమని అడగొచ్చు, పైగా నేను చెప్పిన మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. సంపాదించుకుంటున్నంత మాత్రాన భరణం రాకుండా పోదు, ఆ సంపాదన సరిపోతుందా లేదా అన్నదే చూస్తారు, మరి దాచడం ఎందుకు అన్నారు.

ఆ ఆదివారమంతా మా ఇంట్లో భోజనాల బల్ల మీద బిల్లులే. కరెంటు, గ్యాస్, పాప స్కూల్ ఫీజు, ఆటో, పాపకి ఆయాసం వస్తే వాడే ఇన్‌హేలర్, ట్యూషన్. నేను "ఇంటి ఖర్చు నెలకి 25 వేలు" అని గుండుగుత్తగా రాసుకెళ్తే మేడం ఒప్పుకోలేదు, "పాలు ఎన్ని లీటర్లు?" నుంచి మొదలుపెట్టారు. మళ్ళీ లెక్కేస్తే 23,400 వచ్చింది. అంత చిన్న తేడాకి ఇంత హింసా అనుకున్నా. ఆ ఫలితం మీడియేషన్‌లో (ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ మాట్లాడించే చోట) కనిపించింది. ఆయన అఫిడవిట్‌లో చేతికొచ్చే జీతం 35 వేలని రాశాడు, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం నెలకి 18 వేలు కారు కంతు, 10 వేలు సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పొదుపు), ఇంటి అద్దె వేరే. మేడం గొంతు పెంచకుండా "మరి మీరు తినేది గాలా సార్?" అన్నారు. ఆయన లాయరే నవ్వు ఆపుకోలేక కిందికి చూశాడు. నా కాగితంలో మాత్రం వాళ్ళు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఆస్తిలో సగం సంగతి. మన చట్టంలో విడాకులైతే భార్యకి సగం ఆస్తి అనే రూలే లేదు. ఆదాయం, అవసరాలు, ఎలాంటి బతుకు బతికారు, పెళ్ళి ఎన్నేళ్ళు, పిల్లలు, ఇవన్నీ చూసి కోర్టు ఎంతో కొంత నిర్ణయిస్తుంది. జీతంలో 25 శాతం అని ఒక మాట అందరి నోళ్ళలో తిరుగుతుంది, అది 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో సబబుగా ఉంటుందని అన్నది, ప్రతి కేసుకీ కొలబద్ద కాదు. ఇవి మేడం మొదటి నెలలోనే చెప్పేశారు కాబట్టి మా వాళ్ళ ఆశలు గాల్లోంచి కొంచెం కిందికి దిగాయి. మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఇచ్చేది) ఆర్డర్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, నాకు 6 వేలు, పాపకి 9 వేలు. కాకపోతే పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్కగట్టి ఇవ్వమన్నారు, బాకీ మొత్తం ఒకేసారి వచ్చింది, అదీ ఆ 2020 తీర్పు పుణ్యమే.

బంగారం గురించి ఒక్క మాట. 22 సవర్లు పెట్టారు నాకు, సగం అత్తగారి లాకర్లో ఉండిపోయింది. బిల్లులు లేవు, ఎవరి దగ్గరుంటాయి పదేళ్ళ తర్వాత? మేడం జూనియర్ అమ్మాయి పెళ్ళి ఆల్బం ముందేసుకుని భూతద్దం పెట్టినట్టు చూసి, ఏ ఫోటోలో ఏ నగ ఉందో నంబర్లు వేసి జాబితా రాసింది. కాసులపేరు, జత గాజులు, అరవంకీ అన్నీ దొరికాయి. మా అత్త కట్టుకున్న చీర మీద నా నెక్లెస్ కూడా దొరికింది, పాప మొదటి పుట్టినరోజు ఫోటోలో.

చివరికి ఇద్దరం ఒప్పుకుని విడిపోదామన్నారు, అంటే హిందూ వివాహ చట్టంలో 13బీ సెక్షన్. ఏడాది విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక ఆర్నెల్లు ఆగి రెండోసారి వచ్చి మళ్ళీ చెప్పాలి. ఆ ఆర్నెల్లు తప్పనిసరేం కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మేం అప్పటికే మూడేళ్ళుగా విడిగా ఉన్నాం, రాజీ ప్రయత్నం అయిపోయింది, డబ్బు, పాప విషయం తేలిపోయాయి కాబట్టి ఆ గడువు తీసెయ్యమని పిటిషన్ వేశారు, ఒప్పుకున్నారు. ఇక్కడ మేడం ఒక చోట అస్సలు తగ్గలేదు. వాళ్ళు ముందు భరణం కేసు వెనక్కి తీసుకోండి, తర్వాత డబ్బిస్తాం అన్నారు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చంట 13బీలో, అంటే కేసు పోయి, డబ్బూ రాకుండా నేను రోడ్డున పడే వీలుంది. అందుకే సగం డీడీ మొదటి రోజు, సగం రెండోసారి కోర్టులో చెప్పేరోజు చేతికందాక, అప్పుడే కేసు వెనక్కి అని రాయించారు. నాకు 9 లక్షలు, పాప పేరు మీద 6 లక్షలు ఎఫ్‌డీ.

పాప డబ్బు దగ్గర నేను చేసిన పిచ్చిపని చెప్పాలి. మీడియేషన్ నాలుగో రోజు విసిగిపోయి "నాకేమీ వద్దు మేడం, పాపకీ వద్దు, నేనే పెంచుకుంటా, సంతకం పెట్టేసి వెళ్ళిపోదాం" అన్నా. బయట వరండాలో, వేరుశనక్కాయలమ్మే ఆమె పక్కన నిలబడి చెప్పారు మేడం: "నీ భరణం వద్దంటే నీ ఇష్టం. పాప డబ్బు వద్దనడానికి నువ్వెవరు? అది పాపది." నాకు పదేళ్ళలో ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. నెలకి 10 వేలు, ఏటా 5 శాతం పెరిగేటట్టు, స్కూల్ ఫీజులో సగం నేరుగా స్కూల్‌కే. ఆయన సంతకం పెట్టాడు.

పాప ఎవరి దగ్గర అన్నది వేరే కథ. ఆయన పెద్దనాయన మీడియేషన్ వరండాలో అందరికీ వినపడేటట్టు "ఐదేళ్ళు దాటితే బిడ్డ తండ్రికే" అంటా తిరిగాడు. పాపకప్పుడు ఏడేళ్ళు. నాకు ఆ రాత్రి నిద్రలేదు. చట్టంలో ఉన్నది ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని మాత్రమే, ఆ తర్వాత తండ్రికి ఇచ్చెయ్యాలని ఎక్కడా లేదు, ఏ వయసైనా పాప బాగోగులే ముందు. జడ్జిగారు పాపతో ఛాంబర్లో మాట్లాడతారన్నప్పుడు మేడం నాకు గట్టిగా చెప్పారు, ఏమీ నేర్పించొద్దు, కొత్త గౌన్ కూడా వెయ్యొద్దు, స్కూలుకి పోయినట్టే తీసుకురా అని. పది నిమిషాల్లో బయటికొచ్చింది. ఏమడిగారే అంటే "పూరీ ఇష్టమా దోశ ఇష్టమా అన్నారు, నాన్న దోశ మాడుస్తాడని చెప్పాను" అంది. ఇంకేం మాట్లాడారో ఈరోజుకీ తెలీదు, నేనూ అడగలేదు.

రాజీపత్రంలో పాప పేజీలు మూడున్నర ఉన్నాయి, విడాకులవి ఒక పేజీ. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ఆయన వస్తాడు. మామూలుగా పది గంటలని రాస్తారంట, చెన్నై నుంచి పొద్దున సప్తగిరి ఎక్స్‌ప్రెస్ దిగి ఎం.ఆర్.పల్లి దాకా వచ్చే టైం లెక్కేసి పదిన్నర అని రాయించారు, లేకపోతే ప్రతి ఆదివారం ఆ అరగంటకే గొడవ. దసరా సెలవులు ఒక ఏడాది అటు, సంక్రాంతి ఇటు, మరుసటేడాది తారుమారు. ఎండాకాలం సెలవులు సగం సగం అని వాళ్ళ లాయర్ రాసుకొచ్చాడు. మేడం పెన్ను ఆపి నన్నడిగారు, "గంగమ్మ జాతర మేలోనే కదా?" పాప పుట్టినప్పట్నుంచీ అవ్వ చెయ్యి పట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి పోతుంది, వేషాలు చూడాలని ఏడాదంతా ఎదురుచూస్తుంది. జాతర వారం నా భాగంలో పడేటట్టు రాయించారు. ఆ సంగతి నాకే తట్టలేదు. పాప పాస్‌పోర్ట్‌కి ఇద్దరి సంతకం, స్కూల్ మార్చాలంటే ముందే చెప్పాలి, రాత్రి ఏడున్నరకి వీడియో కాల్, ఇవన్నీ ఉన్నాయి. పాప పెద్దయ్యాక పరిస్థితులు మారితే ఈ ఏర్పాటు మార్చమని కోర్టుని మళ్ళీ అడగొచ్చంట ఎవరైనా.

ఇంక తగ్గించిన స్టార్ సంగతి. మేడం ఫోనెత్తరు. ఎప్పుడూ ఎత్తరు. రేపు వాయిదాకి నేను రావాలా వద్దా అన్న సంగతి రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్ వస్తే స్కూల్లో లీవ్ ఎవరిస్తారు? మూడు సార్లు ఊరికే పోయాను, కాల్ వర్క్‌లో (ఆరోజు కేసులన్నీ వరసగా పిలిచేటప్పుడు) పేరు పిలిచారు, జూనియర్ "టైం కావాలి" అంది, ఐదు నిమిషాల్లో బయటికి, ఒకరోజు జీతం పోయింది. ఫీజు 45 వేలు మూడు కంతులు, ముందే పేపర్ మీద రాసిచ్చారు, దాని మీద ఒక్క రూపాయి అడగలేదు, అది మెచ్చుకోవాలి. గుమాస్తా అన్న ఖర్చులు మాత్రం వేరే: జిరాక్సులకి 300, టైపింగ్‌కి 400, కాపీ అప్లికేషన్‌కి 200, "ఇంకో 500 ఉంచు తల్లీ", రసీదుండదు. అంతా కలిపి 7 వేల పైనే. మేడంకి చెప్తే ఆయన్ని పిలిచి లెక్క రాయమన్నారు, రెండు నెలలు రాశాడు, తర్వాత మామూలే. పిల్లలు కూర్చోడానికి చోటు లేదు, పక్క కుర్చీలో ఎవరో ఏడుస్తా వాళ్ళాయన సంగతులన్నీ చెప్తుంటే మా పాప రంగుల పుస్తకం పక్కన పెట్టి వినేది.

డబ్బు లేనివాళ్ళకి ఒక మాట, ఇదీ మేడమే చెప్పారు మొదటి రోజు, ఫీజు మాట ఎత్తకముందే. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది, ఆ ఆఫీసు కోర్టు దగ్గరే ఉంటుంది, ఫోన్ అయితే 15100. వచ్చిన క్లయింట్‌కి ఊరికే దొరికే దారి చూపించే లాయర్‌ని నేనింకొకరిని చూడలేదు.

అవతలివాళ్ళని ముప్పుతిప్పలు పెట్టాలని ఉంటే ఈ ఆఫీసుకి వెళ్ళకండి, రెండో రోజే మీకు పడదు. వెళ్ళేటట్టుంటే సాయంత్రం ఆరు తర్వాత, పెళ్ళి ఫోటోలు, పాస్‌బుక్, పాప స్కూల్ ఫీజు రసీదులు పట్టుకుని వెళ్ళండి. బండి మాత్రం మందుల షాపు ముందు పెట్టొద్దు, ఆయన అరుస్తాడు, పక్క సందులో టైలర్ అంగడి దగ్గర పెట్టుకోండి, ఏమనరు.